కాలేయము – ప్రేగులలోని సూక్ష్మజీవులు: డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము



1895లో భీమవరమున జనించి, రాజమహేంద్రవరమునందును చెన్నపట్టణమునందును విద్యనభ్యసించి, స్ప్రూ అను ప్రేగువ్యాధికి ఇరువురు సోదరులను కోల్పోయి, తానును ఆ వ్యాధివాతబడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొని, 1920ల తొలినాళ్ళలో సముద్రములు దాటి బోస్టను చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేర ఉపన్యసింపుమని నన్ను కోరినప్పుడు, ఆయన లోకమునకిచ్చిన మందులను మరల ఏకరువు పెట్టుటకంటె, ఆయన పరిశోధన నడచిన త్రోవలలో ఒకదానిని పట్టుకొని నేటి సమస్య నొకదానిని విచారించుటయే ఆ మహనీయునకు తగిన నివాళి యగునని తలచితిని.

ఆ త్రోవ కాలేయమునుండియే బయలుదేరినది. అధికముగా కాలేయము తినిపించినచో పెర్నీషియస్ ఎనీమియా అను ప్రాణాంతకమైన పాండురోగము శమించునని 1926లో బోస్టను వైద్యులు మైనటు, మర్ఫీలు వెల్లడించిరి. ఆ కాలేయసారములో నున్న గుణకారి యేదియో తేల్చుటకు హార్వర్డులో పాటుపడినవారిలో సుబ్బారావుగా రొకరు. పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున సాగిన కృషి ఫలితముగా, కాలేయమునుండి స్ఫటికరూపమున వేరుచేయబడిన ఒక పదార్థము 1945లో కృత్రిమముగా నిర్మింపబడి ఫోలిక్ ఆమ్లముగా ప్రసిద్ధికెక్కినది. అంతకుముందు ప్రయోగశాలలలో దానిని ‘లాక్టోబాసిల్లస్ కేసీ కారకము’ అని వ్యవహరించెడివారు. ఏలయన, పాలను పులియబెట్టు తెగకు చెందిన ఆ సూక్ష్మజీవి ఈ పదార్థము లేనిదే పెరుగజాలదు. తక్కిన ఆహారమంతయు సమకూర్చి ఇది మాత్రము లేకుండ చేసిన తేటద్రవమున ఆ జీవిని విత్తి, పరీక్షింపవలసిన సారమును కొలిచి కలిపి, వెచ్చగా నుంచి, నియతకాలము గడచిన పిదప ద్రవ మెంత మసకబారినదో, అందెంత ఆమ్లము పుట్టినదో చూచి, సారములోని ఫోలిక్ ఆమ్లమును లెక్కగట్టెడివారు. ఆ విధముగా సుబ్బారావుగారి బృందము సూక్ష్మజీవిని కొలబద్దగా వాడుకొన్నది. నేడు మనము ఆ తెగకే చెందిన జీవులను కాలేయరోగికి మందుగా ఇచ్చుచున్నాము. కాని ఏ జీవిని, ఎంత, ఏ రోగికి, ఎంతకాలము ఇచ్చుచున్నామను కొలతను మాత్రము పోగొట్టుకొనుచున్నాము. నేటి నా విన్నపమంతయు ఈ కొలతను గూర్చియే.

తగిన పరిమాణమున ఇచ్చినప్పుడు గ్రహించినవారికి ఆరోగ్యలాభము చేకూర్చు సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్కులని, 2001లో అర్జెంటీనాలోని కోర్డోబా నగరమున సమావేశమైన ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించిరి. ఈ నిర్వచనములో సజీవత్వము, పరిమాణము, నిరూపితమైన లాభము అను మూడును కలసియుండవలెను. వీనిలో ఏ యొక్కటి లోపించినను ఆ వస్తువు ఆహారము కావచ్చును, ఔషధమనిపించుకొనదు. ఇక ఇట్టి జీవులతో కాలేయమునకేమి పని? ప్రేగులో వేసినది ప్రేగులోనే యుండవలెను గదా యని సందేహించువారికి శరీరనిర్మాణమే సమాధానము చెప్పును.

కడుపు, చిన్నప్రేగు, పెద్దప్రేగు, ప్లీహము, క్లోమము – వీనినుండి మరలు రక్తము నేరుగా హృదయమునకు పోదు. అదంతయు కాలేయ నిర్వాహకసిర అను ఒక పెద్దసిరలో చేరి ముందుగా కాలేయమునకు పోవును. నిమిషమునకు ఇంచుమించు ఒకటిన్నర లీటరు రక్తము కాలేయముగుండ ప్రవహించుచుండగా, అందు నాలుగింట మూడు పాళ్ళు ఈ సిర తెచ్చినదే. మనము తినిన అన్నపుసారముతో పాటు, ప్రేగులలో నివసించు సూక్ష్మజీవులు పుట్టించిన సమస్తమును, అప్పుడప్పుడు ఆ జీవుల శిథిలములును ఈ సిర వెంటనే వచ్చును. 1876లో జర్మను శాస్త్రజ్ఞుడు కుప్ఫర్ వర్ణించిన కణములు కాలేయపు రక్తమార్గములలో కాపుండి ఆ శిథిలములను పట్టి మ్రింగివేయును. ప్రేగులలోని బాక్టీరియా మాంసకృత్తులను కుళ్ళించుటవలనను, రక్తమునుండి ప్రేగులోనికి దిగిన యూరియాను విడగొట్టుటవలనను పుట్టు అమ్మోనియాను కాలేయకణములు మరల యూరియాగా మార్చి మూత్రపిండముల కప్పగించును. ఈ మార్పు జరుగు క్రమమును 1932లో క్రెబ్సు, హెన్సెలైటులు కనుగొనిరి. చిన్నప్రేగు గోడలోని కణములు సైతము కొంత అమ్మోనియాను తయారుచేయునన్న సంగతిని ఇచ్చటనే చెప్పియుంచుట మేలు. సూక్ష్మజీవుల నన్నింటిని తుడిచిపెట్టినను అమ్మోనియా సమూలముగా పోకుండుటకు అదియు నొక హేతువు.

మద్యముచేతనో, హెపటైటిస్ బి, సి వైరసులచేతనో, కొవ్వుచేతనో దీర్ఘకాలము దెబ్బతినిన కాలేయము మచ్చలుకట్టి గట్టిపడును. సిర్రోసిస్ అనునది ఇదియే. గోదావరి కాలువలో తూడు పెరిగి నీరు ముందునకు సాగనప్పుడు గట్టు బలహీనముగా నున్నచోట గండిపడి పొలములమీదికి మళ్ళునట్లు, గట్టిపడిన కాలేయముగుండ పోజాలని నిర్వాహకసిరా రక్తము అన్నవాహికచుట్టును, నాభిచుట్టును ప్రక్కదారులు వెదకికొని, శుద్ధిచెందకయే దేహమంతట వ్యాపించి మెదడును చేరును.

ఈ విషయమును ముందుగా ఋజువుచేసినవి రష్యాలోని కుక్కలు. నిర్వాహకసిరను కాలేయమునకు పోనీయక అధోమహాసిరతో కలిపివేయు శస్త్రకర్మను 1877లో ఎక్ అను వైద్యుడు చేసిచూపెను. 1893లో పావ్లోవు, నెన్‌స్కీ, వారి సహచరులు సెంట్ పీటర్సుబర్గులో అట్టి శస్త్రకర్మ జరిగిన కుక్కలను పరిశీలింపగా, మాంసము తినినప్పుడు అవి తూలిపోవుచు, చూపుతప్పి, మూర్ఛలువచ్చి స్పృహ కోల్పోవుచుండెను. కాలేయపు దారి తప్పించిన ఆహారము మెదడునకు విషమగునని ఆనాడే స్పష్టమైనది. 1954లో షీలా షెర్లాక్ అను వైద్యురాలు, ఆమె సహచరులు మానవులలో ఈ దశను సమగ్రముగా వర్ణించిరి. దీనినే నేడు హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అనుచున్నాము.

పుస్తకములోని ఈ పెద్దపేరు ఇంటిలో ఎట్లు కనబడునో విద్యార్థులకొఱకు కొంచెము వివరించెదను. నాయొద్దకు తీసికొనిరాబడిన ఒక విశ్రాంతోపాధ్యాయుని కోడలు ఇట్లు చెప్పినది: “మామయ్యగారు రాత్రంతా మేలుకుని తలుపులు తీస్తున్నారండీ, తెల్లవారాక పడుకుంటున్నారు. నిన్న పాల లెక్క వ్రాస్తానని కూర్చుని కాగితం మీద గీతలు గీశారు.” నేను ఆయనను చేతులు ముందునకు చాచి, అరచేతులను పైకెత్తి నిలుపుమని కోరితిని. క్షణకాలము నిలిచిన చేతులు మణికట్టువద్ద సడలి వ్రాలి, మరల లేచి, మరల వ్రాలెను. అయిదుకోణముల నక్షత్రమును గీయుమన్నచో, ముప్పదియేండ్లు నల్లబల్లమీద రేఖాగణితము బోధించిన ఆ చేయి రెండు గీతలను కలుపలేకపోయినది. విచారింపగా తెలిసిన దేమన, అంతకుముందు వైద్యుడు వ్రాసిన లాక్టులోజ్ పానకమువలన విరేచనములగుచున్నవని ఇంటివారు దానిని మాన్పించి, బదులుగా కాలేయమునకు మంచిదని దుకాణములో నెవరో ఇచ్చిన ప్రోబయాటిక్ పొడిని మజ్జిగలో కలిపి యిచ్చుచున్నారు. లాక్టులోజ్ మరల ఆరంభించి, దినమునకు రెండుమూడు మెత్తని విరేచనములగునట్లు మోతాదును సరిదిద్దినమీదట కొన్నాళ్ళకు ఆయన తన సంతకము తాను చేసెను. ఆ కుటుంబమును నేను తప్పుపట్టను. ఆ విరేచనములే చికిత్స యని వారికెవరును చెప్పలేదు, చెప్పవలసినవారము మనము.

ప్రేగులోని జీవులకును ఈ మతిభ్రమకును గల సంబంధమును తేల్చిన మార్గములో సుబ్బారావుగారి ప్రయోగశాల మరల ఎదురగును. ఆయన పరిశోధనాధ్యక్షుడుగా నుండగా లెడర్లీలో డగ్గరు అను శాస్త్రజ్ఞుడు కనుగొనగా 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిను, అనగా క్లోర్‌టెట్రాసైక్లిను, బహువిధ బాక్టీరియాలను అణచు తొలి ఔషధములలో నొకటి. కాలేయరోగికి మిథియోనైను అను అమైనో ఆమ్లము నిచ్చినచో మతి చెదరుననియు, ముందుగా క్లోర్‌టెట్రాసైక్లినుతో ప్రేగులోని బాక్టీరియాను అణచినచో ఆ కీడు తప్పుననియు 1956లో షెర్లాక్ బృందము చూపినది. దోషము మిథియోనైనులో లేదు, దానిని ప్రేగులో విషముగా మార్చు జీవులలో కలదని దానితో తేలినది. ఆరియోమైసిను లోకమునకు వెల్లడియైన ఆ సంవత్సరపు ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి; ఈ ఫలితమును ఆయన చూడలేదు.

జీవులను చంపుట ఒక మార్గము. మంచిజీవులను పంపి చెడ్డజీవులను తరుముట మరియొకటి. ఈ రెండవదాని ఆదిపురుషుడు మెచ్నికోఫ్. 1905లో జెనీవాలో స్టామెన్ గ్రిగొరోవ్ అను బల్గేరియా యువకుడు తన దేశపు పెరుగులో ఒక బాసిల్లసును కనుగొనగా, పారిసులోని పాశ్చరు సంస్థలోనుండిన మెచ్నికోఫ్ దానిని ఆధారముచేసికొని, పెద్దప్రేగులోని కుళ్ళు మనుష్యుని అకాలవార్ధక్యమునకు మూలమనియు, పులిసిన పాలలోని జీవులు ఆ కుళ్ళును అరికట్టుననియు ప్రచారము చేసెను. 1908లో ఆయన పొందిన నోబెలు బహుమానము దీనికి కాదు, రక్తములోని కణములు సూక్ష్మజీవులను మ్రింగుటను కనుగొన్నందుకు. ఆ బల్గేరియా జీవి మానవుని ప్రేగులో కాపురము చేయజాలదని తరువాతివారు కనుగొనిరి. ఆరోగ్యవంతుల వార్ధక్యమును గూర్చి ఆయన చెప్పినది నిలువలేదు. కాని ప్రేగులో పుట్టిన విషము రక్తమున కలసి మనుష్యుని చెరచునన్న ఆయన మాట, కాలేయము చెడినవారి విషయమున ఇంచుమించు అక్షరసత్యమైనది. గొప్ప ఊహలు ఊహించినచోట నిలువక వేరొకచోట నిలుచుట శాస్త్రచరిత్రలో అరుదు కాదు.

1965లో లాన్సెట్ పత్రికలో మాక్‌బెత్, కాస్, మెక్‌డర్మట్ అనువారు లాక్టోబాసిల్లస్ ఆసిడోఫిలసును కాలేయసంబంధమైన మతిభ్రమకు ఔషధముగా ఇచ్చి ఫలితమును ప్రకటించిరి. మరుసటి యేడు అదే పత్రికలో బిర్ఖరు, ఆయన సహచరులు లాక్టులోజును ప్రవేశపెట్టిరి. ఈ రెండింటికిని గల బంధుత్వమును సామాన్యముగా మరచిపోవుదురు. పసిబిడ్డల ప్రేగులలో బైఫిడస్ జీవులను వృద్ధిపరచు చక్కెరగా పెటుయెలీ అను పరిశోధకుడు 1957లో వర్ణించినది ఈ లాక్టులోజునే. చిన్నప్రేగు దీనిని జీర్ణింపదు. పెద్దప్రేగులోని బాక్టీరియా దీనిని తిని లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లములను పుట్టించును. ఆ ఆమ్లతవలన అమ్మోనియా రక్తములోనికి పోజాలని రూపము దాల్చి మలముతో వెడలిపోవును. కావున లాక్టులోజును విడిచి ప్రోబయాటిక్కును పట్టినవారు సూక్ష్మజీవులకు ఆహారము మాన్పించి అతిథులను పిలిచినవారగుదురు.

ఇక మన దేశమున జరిగిన పరీక్షలను గూర్చి గర్వముతోనే మనవిచేయుదును. ఒకమారు మతిభ్రమకు గురియై కోలుకొన్న 235 మంది సిర్రోసిస్ రోగులను ఢిల్లీ వైద్యులు మూడు వర్గములుగా విభజించి, 2012లో ఫలితములు ప్రకటించిరి. ఏ మందును ఇయ్యని వర్గమున సగమునకు మించినవారికి వ్యాధి తిరుగబెట్టగా, లాక్టులోజు వర్గమున ఇంచుమించు నాలుగవవంతునకు, ప్రోబయాటిక్కు వర్గమున ఇంచుమించు మూడవవంతునకు మాత్రమే తిరుగబెట్టెను. ఈ రెండు మందుల నడుమ నున్న భేదము గణితదృష్టితో లెక్కింపదగినది కాదు. 2014లో చండీగఢ్ వైద్యులు 130 మంది రోగులకు ఆరునెలలపాటు ఎనిమిది జాతుల మిశ్రమమునో, మందులేని పొడినో ఇచ్చిచూచిరి. మతిభ్రమచే ఆసుపత్రి పాలైనవారు మిశ్రమము పుచ్చుకొన్నవారిలో 19.7 శాతము, తక్కినవారిలో 42.2 శాతము. అయినను మతిభ్రమ తిరుగబెట్టుటలో కనబడిన తగ్గుదల మాత్రము నిశ్చయముగా చెప్పదగినంత లేదని ఆ పరిశోధకులే నిజాయితీగా వ్రాసిరి. 2017లో కాక్రేన్ సమీక్షకులు 21 పరీక్షలను, 1420 మంది రోగులను కలిపి పరిశీలించి, ప్రోబయాటిక్కులు అమ్మోనియాను తగ్గించి మతిభ్రమను మెరుగుపరచవచ్చుననియు, మరణములను తగ్గించినట్లు నిదర్శనము లేదనియు, ఆధారముల నాణ్యత తక్కువ యనియు తీర్పు చెప్పిరి. ఈ తీర్పును నేను శిరసావహింతును.

చండీగఢ్ రోగులు దినమునకు పుచ్చుకొన్న జీవుల సంఖ్య తొంబదివేల కోట్లు. మన దుకాణములలో సాధారణముగా దొరకు గొట్టపుమాత్రయందు కొన్ని వందల కోట్లుండును. నూరవవంతైనను లేని మోతాదునిచ్చి, ఆ పరీక్షను సాక్ష్యముగా చూపుట న్యాయమా? ఒక మందును చాలని మోతాదులో ఇచ్చి జ్వరము తగ్గలేదని నిందించిన వైద్యుని మనము క్షమింపము. సూక్ష్మజీవుల విషయమున మాత్రము ఉదారులమగుచున్నాము. జాతిపేరు చాలదు, ఒకే జాతిలోని వేర్వేరు తెగలు వేర్వేరు గుణములు కలవి. చండీగఢ్‌లో వాడిన మిశ్రమము పేరుతోనే కొన్నియేండ్ల తరువాత వేరు తయారీ విపణికి రాగా, అమెరికాలో దానిపై వివాదము న్యాయస్థానమునకెక్కినది. పొట్లముమీది పేరు మారలేదు, లోపలి జీవులు మారినవి. రక్తములోని ఫాస్ఫరసును నిష్కృష్టముగా కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి లోకమునకిచ్చిన సుబ్బారావుగారి దేశీయులమైన మనకు ఈ అలసత్వము తగదు.

సూక్ష్మజీవులు మేలుచేయకున్నను కీడు చేయవన్న నమ్మకము అన్నిటికంటె ప్రమాదకరమైనది. నెదర్లాండ్సులో తీవ్రమైన క్లోమశోథతో బాధపడు 296 మందిపై జరిగి 2008లో వెలువడిన పరీక్షలో, ప్రోబయాటిక్కు నిచ్చిన 152 మందిలో 24 మంది, ఇయ్యని 144 మందిలో 9 మంది మరణించిరి. జీవులనిచ్చినవారిలో తొమ్మండుగురి ప్రేగులకు రక్తప్రసారము నశించెను, రెండవవర్గమున ఒక్కరికిని అట్లు కాలేదు. అది కాలేయవ్యాధి కాదు. కాని మృత్యుముఖమునందున్న రోగి ప్రేగు ఆరోగ్యవంతుని ప్రేగువంటిది కాదను పాఠము కాలేయవైద్యునకును వర్తించును. రోగనిరోధకశక్తి క్షీణించినవారి రక్తములో ఈ హితజీవులే చేరి వ్యాధి కలిగించిన సందర్భములు అరుదుగానైనను కలవు.

కొవ్వుపట్టిన కాలేయమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. మద్యము ముట్టనివారి ప్రేగులోనే కొన్ని బాక్టీరియాలు మద్యసారమును తయారుచేసి కాలేయమును చెరచుట కలదని 2019లో చైనా పరిశోధకులు చూపిరి, ఇది ఆసక్తికరము. ప్రోబయాటిక్కులవలన కాలేయపు ఎంజైములు కొంత తగ్గినట్లు చిన్నచిన్న పరీక్షలు చెప్పుచున్నవి. కాని శరీరపు బరువులో 7 నుండి 10 శాతము తగ్గించుకొన్నవారి కాలేయమునకు కలుగు మేలుతో సరిదూగునది ఏ పొట్లములోను లేదు.

మన ఇండ్లలో కామెరలనగానే ఉప్పు, నూనె, పప్పు మాన్పించి చప్పిడిపథ్యము పెట్టుట, పసరు పోయించుట నేటికిని కలదు. పూర్వము వైద్యులును ఎన్‌సెఫలోపతి భయముచే రోగికి మాంసకృత్తులను నిషేధించెడివారు. నేడు ఆ నిషేధము తొలగినది. ప్రతి కిలోగ్రాము బరువునకు దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు సిర్రోసిస్ రోగికి అవసరమని, అందు పాలు, పప్పుధాన్యములనుండి వచ్చినవి మాంసముకంటె సుఖముగా ఒంటికి పట్టునని, రాత్రి నిద్రకు ముందు కొంచెము తినుట మంచిదని నిపుణులు చెప్పుచున్నారు. చేమిరి వేసి తోడుపెట్టిన మన ఇంటి పెరుగు ఇక్కడ గౌరవస్థానమునకు అర్హము. అందలి జీవులు ఇంటింటికి, ఋతువు ఋతువునకు మారును గనుక దానిని నిర్ణీతమైన ఔషధమనజాలము. కాని పప్పన్నముతో పాటు గడ్డపెరుగును కడుపార తినిన రోగి, చప్పిడిపథ్యముచే కండలు కరిగిన రోగికంటె బలవంతుడు. కండరములు సైతము అమ్మోనియాను పీల్చుకొనునవియే.

కనుక వైద్యమిత్రులను ప్రార్థించునది యేమన, ప్రోబయాటిక్కును వ్రాయునప్పుడు తెగపేరును, సంఖ్యను, గడువును వ్రాయుడు. ఏ పరీక్ష నాధారముచేసికొని వ్రాయుచున్నారో మీకు మీరు చెప్పుకొనుడు. తయారీదారులు గడువుతేది నాటికి ఎన్ని జీవులు సజీవముగా నుండునో పొట్లముమీద ముద్రింపవలెను. కాలేయరోగులకును వారి ఇంటివారికిని ఒక్క మనవి: మద్యమును పూర్తిగా మానుడు, పుట్టిన బిడ్డకు ఇరువదినాలుగు గంటలలోపల హెపటైటిస్ బి టీకా వేయింపుడు, వైద్యుని అడుగకుండ లాక్టులోజును ఎన్నడును ఆపకుడు.